నెత్తళ్ళ ధర ఎందుకు పెంచిన్నంటే

అక్కలకు, అన్నలకు నమస్తే. హన్మకొండల మా ఎండు చేపల దుకాణానికి వచ్చేటోళ్ళు ఈ నెల అంతా ఒకటే అడుగుతున్నరు: కిలో నెత్తళ్ళు 400 నుంచి 480 ఎట్లయినయని. దాచకుండ చెప్త.

మన సరుకు కాకినాడ పక్కన ఉప్పాడ వైపు నుంచి వస్తది. పన్నెండేండ్లుగా ఒక అక్క, ఆమె వాడల ఆడోళ్ళు ఎండబెట్టి పంపుతున్నరు. ఒకప్పుడు పడవ ఒడ్డుకు రాంగనే గంపలతోని చేపలు కొనేది, ఎండబెట్టేది, అమ్మేది, పైసలు లెక్క చూసేది అన్నీ వాళ్ళే. ఇప్పుడు పెద్ద బోట్ల సరుకు కుప్పలకు కుప్పలు వేలంపాటకు పోతున్నది. చిన్న చేపలను పొడి చేసే మిల్లులు ఎత్తుకపోతయి. ఆ పొడి మేతలల్ల కలుస్తది, ఆ మేత తిన్న చెరువు రొయ్యలు అమెరికా దాక పోతయి. గంప పట్టుకున్న ఆడమనిషి ఆ పాటల ఎట్ల నిలబడ్తది?

ఆ అక్క వాళ్ళ చెల్లె అయితే గంప ఇడిసిపెట్టి రొయ్యల ఫ్యాక్టరీకి పోయింది. పొద్దంత ఐసు నీళ్ళల్ల చేతులు, తలలు తీసిన కిలోల లెక్కన కూలి. 2025 ఆగస్టుల అమెరికా మన దేశం సరుకు మీద సుంకం 50 శాతం చేసినంక ఆమెకు పిలుపు రాని రోజులే ఎక్కువయినయట. పాత బేరం మళ్ళ పెట్టుకుందామంటే చేతిల పెట్టుబడి లేదు.

"పాటలో నిలబడాలంటే ముందు డబ్బుండాలి కదా చెల్లీ. షావుకారు దగ్గర తెస్తే సరుకు ఆయన చెప్పిన రేటుకే ఇచ్చేయాలి" అన్నది అక్క. ఆ మాట నన్ను నిద్రపోనియ్యలే. అందుకే ఇప్పుడు నేనే ముందుగాల పైసలు పంపుతున్న, రేటు గూడ ఆమె చెప్పిందే. పెరిగిన 80 రూపాయలల్ల 60 వాళ్ళకే పోతయి, మిగిలింది రవాణా ఖర్చు.

ఇంకో మాట. పోయిన నెల సరుకు అందక వేరే వ్యాపారి దగ్గర తెచ్చిన. దాంట్ల ఇసుక వచ్చిందని నలుగురు చెప్పిన్రు, నిజమే. చూడకుండ అమ్మిన తప్పు నాది. ప్యాకెట్ తెస్తే పైసలు వాపసు ఇస్త, సగం వాడినా సరే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాక అటు వేట నిషేధం, ఇంజన్ బోట్లు సముద్రంల దిగవు. మన మిరుగం, అంటే మృగశిర కార్తె, ఆ నడుమనే వస్తది. మామిడికాయేసి ఎండు చేపలు వండుకునేటోళ్ళు మార్చిలనే చెప్పి పెట్టున్రి. ఎంత కావాల్నో తెలిస్తే అక్కకు అంత అడ్వాన్స్ పంపుత.