నా పేరు మీద మాత్రం వద్దు, చిట్టీ

రెడింగ్, ఇంగ్లండ్,
నవంబరు 16, 2025.

చిట్టితల్లికి,

నిన్న ఫోన్ టక్కున పెట్టేశావు. మళ్ళీ చేస్తే మళ్ళీ గొడవే అవుతుందని చెయ్యలేదు. వాట్సాప్‌లో ఇంత పొడుగు పెడితే నువ్వు చదవవు, బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు. అందుకే ఉత్తరం. ఆదివారాలు ఏడిపించి మరీ నీతో దిద్దించిన తెలుగు ఇప్పుడైనా పనికి రానీ. తొందరేం లేదు, మెల్లగా చదువుకో.

నువ్వు అడిగింది నీకు చిన్న విషయంలాగే కనిపించి ఉంటుంది. కొనబోయే కారు నీది. లీడ్స్‌లో ఉండేది నువ్వు, రోజూ ఆఫీసుకు తీసుకెళ్ళబోయేది నువ్వు. ఇన్సూరెన్స్ మాత్రం నా పేరు మీద తీసుకుని నిన్ను రెండో డ్రైవర్‌గా రాయించాలి. నీ పేరు మీదైతే ఏడాదికి 1,640 పౌండ్లు చూపిస్తోంది, నా పేరు మీదైతే 790. "అందరూ చేసేదేగా అమ్మా" అన్నావు. చేస్తారు. మనకు తెలిసినవాళ్ళలోనే ముగ్గురున్నారు, పేర్లెందుకులే. దాన్ని ఇక్కడ ఫ్రంటింగ్ అంటారు. చట్టం దృష్టిలో అది మోసం, దొంగ సంతకానికీ దానికీ పెద్ద తేడా లేదు.

ఏమీ జరగనంత కాలం బాగానే ఉంటుంది. ఏదో ఒక రోజు ఎవరో వచ్చి గుద్దుతారు. అప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీవాళ్ళు, రాత్రిళ్ళు ఈ కారు ఎక్కడుంటుంది, పొద్దున్నే తీసేదెవరు అని అడుగుతారు. రెడింగ్‌లో ఉండే అమ్మ కారు లీడ్స్‌లో మీ వీధిలో ఏం చేస్తోందని అడిగితే ఏం చెబుతాం? పాలసీ చెల్లదన్నారంటే ఇన్సూరెన్స్ లేకుండా నడిపినట్టే. దానికి మామూలుగా 300 పౌండ్ల జరిమానా, లైసెన్స్ మీద 6 పాయింట్లు. నాలాంటివాళ్ళకు 12 దాకా టైమిస్తారు. నువ్వు టెస్ట్ పాసై ఇంకా రెండేళ్ళు కాలేదు కాబట్టి నీకు 6 పాయింట్లకే లైసెన్స్ పోతుంది. మళ్ళీ ఎల్ బోర్డు, మళ్ళీ థియరీ, మళ్ళీ టెస్ట్ డేట్ కోసం నెలల తరబడి ఎదురుచూపులు. (డ్రైవింగ్ చేస్తూ ఫోన్ చేత్తో పట్టుకున్నా ఇవే 6 పాయింట్లు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా. నీ అలవాటు నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.) ఆ తర్వాత ఏ కంపెనీ దగ్గరికి వెళ్ళినా, నీ పాలసీ ఎప్పుడైనా రద్దయిందా అని అడుగుతారు. అవునని రాయక తప్పదు. రాశావంటే రేటు ఆకాశంలో ఉంటుంది.

ఇంకో సంగతి. పాలసీ నా పేరు మీద ఉన్నన్నాళ్ళూ నో క్లెయిమ్స్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్ళకు ఇచ్చే తగ్గింపు) నాకే పెరుగుతుంది. నాకెందుకే అది? నాకు ఇప్పటికే 14 ఏళ్ళది ఉంది. పెరగాల్సింది నీకు.

అందుకని తిరగేసి చేద్దాం. పాలసీ నీ పేరు మీద తీసుకో, రెండో డ్రైవర్‌గా నా పేరు పెట్టు. నీ దగ్గరికి వచ్చినప్పుడు నేను నిజంగానే నడుపుతాను కదా, ఇందులో అబద్ధమేమీ లేదు. చాలాసార్లు అనుభవమున్న పేరు ఒకటి పక్కన చేరితే రేటు తగ్గుతుంది. ఎలా నడుపుతున్నావో కనిపెట్టే బ్లాక్ బాక్స్ కారులో పెట్టే పాలసీలు కూడా చూడు. నీ వెనక గూఢచారి కూర్చున్నట్టుంటుందని నీకు చిరాకు, నాకు మాత్రం మనశ్శాంతి. కొనే రోజు పొద్దున్న కాకుండా మూడు వారాల ముందే రేట్లు చూస్తే తక్కువకి వస్తాయి, ఎందుకో గానీ అది నిజం. కారు రాత్రి ఎక్కడ పెడతావంటే రోడ్డు మీదే అని రాయి, లేని డ్రైవ్‌వే రాయకు. నెలనెలా కడితే వడ్డీ వేస్తారు. ఏడాది డబ్బు ఒకేసారి నేను కట్టేస్తాను, నువ్వు నెలకింత చొప్పున నాకు పంపు. నాది వడ్డీ లేని బ్యాంకు.

ఇక నువ్వు కొంటానని ఫొటో పంపిన మినీ కారు సంగతి. బాగుంది, కాదనను. మొన్న ఆ ఫొటో చూసి నాన్న ఒక మాట చెప్పారు. మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళకి కాకినాడ నుంచి పదిమందిమి ఇరుక్కుని వెళ్ళిన అంబాసడర్ ఉంది చూశావూ, అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారుకు మన దేశపు రూపం. ఆ మోరిస్ తయారైంది మనకు ముప్పై మైళ్ళ లోపున్న ఆక్స్‌ఫర్డ్ పక్క కౌలీలో. ఇప్పుడు నీ మినీలు తయారయ్యేదీ ఆ కౌలీలోనే. ఆ లెక్కన అది మనకు చుట్టమే. చుట్టమైనంత మాత్రాన కొనెయ్యాలని లేదు.

నంబరు కొడితే చాలు, ఆ బండి ఎంఓటీ (ఏటా జరిగే తనిఖీ) చరిత్రంతా ప్రభుత్వం వెబ్‌సైట్లో ఉచితంగా వచ్చేస్తుంది. రాత్రి గిన్నెలు సర్దేసి లాప్‌టాప్ ముందు పెట్టుకుని, పెళ్ళి సంబంధానికి జాతకం చూసినట్టు చూశాను. 68 ప్లేటు, అంటే 2018 సెప్టెంబరు తర్వాత రోడ్డెక్కింది. మూడేళ్ళకు మొదటి ఎంఓటీ, 2021లో, 24,310 మైళ్ళు, పాస్. 2022లో 33,050, ముందు టైర్లు రెండూ అరిగిపోయాయని ఫెయిల్, మర్నాడు పాస్. 2023లో 41,870, ఆయిల్ కొద్దిగా కారుతోందని అడ్వైజరీ. 2024లో 42,600. అక్కడ ఆగిపోయాను. ఏడాదికి తొమ్మిది వేల మైళ్ళు తిరిగే బండి ఆ ఏడు 730 మైళ్ళే తిరిగిందేం? ఓనర్ ఇంట్లోంచే పని చేశాడా? విదేశాలకు వెళ్ళాడా? లేక బండి ఎక్కడో గుద్దుకుని గ్యారేజీలో పడుందా? పోయిన నెలలో మళ్ళీ 51,200, మళ్ళీ అదే ఆయిల్ అడ్వైజరీ. అడ్వైజరీ అంటే పాసే, కాకపోతే ఒక కన్నేసి ఉంచమని. రెండేళ్ళ తర్వాత కూడా అదే మాట రాశారంటే ఎవరూ పర్సు తియ్యలేదని అర్థం.

అమ్మేవాళ్ళను ఆ ఒక్క ఏడాది గురించే అడుగు. ఎలా చెబుతారో విను, ఏం చెబుతారన్నది తర్వాత. ఒక పది, ఇరవై పౌండ్లు పోతే పోయాయి, హిస్టరీ చెక్ చేయించు. పాత ఫైనాన్స్ బాకీ ఉందా, గుద్దుకున్న బండిని బాగుచేయించడం దండగని ఇన్సూరెన్స్ వాళ్ళు ఎప్పుడైనా క్యాట్ ఎస్, క్యాట్ ఎన్ అని ముద్ర వేసి వదిలేశారా తెలుస్తుంది. లాగ్‌బుక్‌లో (బండి రిజిస్ట్రేషన్ కాగితంలో) పేరుంది కదా అని నమ్మెయ్యకు. అందులో ఉన్నది రిజిస్టర్డ్ కీపర్ పేరు, అది ఓనర్ అనడానికి రుజువు కాదని దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. పాసైన ఎంఓటీ చూపించి మురిపిస్తారు కూడా. ఆ టెస్టులో క్లచ్, గేర్‌బాక్స్ ఎలా ఉన్నాయో చూడరు.

నన్నడిగితే టయోటా యారిస్ గానీ హోండా జాజ్ గానీ చూడమంటాను. నీ స్నేహితులు ముసలివాళ్ళ కారని నవ్వుతారు, నవ్వనీ. ముసలివాళ్ళు డబ్బు ఊరికే పారెయ్యరు.

డ్రైవింగ్ గురించి నీకు చెప్పేంతదాన్ని కాను, నేను మూడోసారికి పాసయ్యాను. ఇండియా లైసెన్స్‌తో ఇక్కడ ఏడాదే నడపొచ్చు, ఆ తర్వాత నాన్నా నేనూ ఇద్దరం ఎల్ బోర్డులే. పాసైన కొత్తలో ఒకరోజు నిన్ను స్కూల్ నుంచి తెస్తున్నాను. సన్న వీధి, రెండు పక్కలా కార్లు, మధ్యలో ఒక్క బండే పడుతుంది. ఎదురుగా వచ్చినాయన లైట్లు రెండుసార్లు కొట్టాడు. మన దగ్గర లైట్లు కొడితే "వస్తున్నా, తప్పుకో" అని కదా. నేను బ్రేకేసి కూర్చున్నాను. ఆయన మళ్ళీ కొట్టాడు. నేను ఇంకా వెనక్కి జరిగాను. చివరికి ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపి రమ్మంటే గానీ అర్థం కాలేదు, ఇక్కడ దానికి "ముందు మీరెళ్ళండి" అని అర్థమట! ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ చూస్తే ఈ రెండూ కాదు, నేనిక్కడ ఉన్నానని తెలియజెయ్యడానికే అంటుంది. కాబట్టి ఎవరు లైట్లు కొట్టినా నీ కళ్ళతో రోడ్డు చూసుకున్నాకే కదులు. దారిచ్చినవాళ్ళకు చెయ్యెత్తడం మాత్రం మర్చిపోకు. ఈ దేశంలో హారన్ కొడితే క్షమిస్తారేమో గానీ, చెయ్యెత్తకపోతే క్షమించరు.

గుంతల విషయంలో నాన్నను చూసి నేర్చుకో, ఎలా చెయ్యకూడదో. పోయిన ఫిబ్రవరిలో వర్షపు నీళ్ళ కింద గుంత కనపడక టైరు చీలిపోయింది, అలైన్‌మెంట్‌తో కలిపి 178 పౌండ్లు. మర్నాడు నీ స్కూలు స్కేలు పట్టుకెళ్ళి, వంగి లోతు కొలిచి, ఫొటోలు తీసి, ఆ డబ్బు ఇమ్మని రోడ్లు చూసే కౌన్సిల్‌కి పంపారు. వెనకాల కార్లు ఆగిపోయాయి, నేను సిగ్గుతో చచ్చిపోయాను. రెండు నెలలకి జవాబు వచ్చింది. మేము రోడ్డును వేళకు తనిఖీ చేశాం, అప్పుడు ఆ గుంత లేదు, కాబట్టి బాధ్యత మాది కాదు అని. 1980 నాటి హైవేస్ చట్టంలో 58వ సెక్షన్ వాళ్ళకు ఆ దారి ఇస్తుంది. అంతకు ముందే ఎవరో ఒకరు ఆ గుంత గురించి కంప్లైంట్ చేసి ఉంటే మాకు తెలియదని తప్పించుకోవడం కష్టమయ్యేది. నువ్వు రోజూ వెళ్ళే దారిలో గుంత కనిపిస్తే కౌన్సిల్ వెబ్‌సైట్లో రాసి పడెయ్యి. రెండు నిమిషాల పని, ఇంకొకరి టైరు బతుకుతుంది.

పీసీఎన్ అని పార్కింగ్ జరిమానా కవర్ వస్తే కంగారు పడకు, పక్కన పడెయ్యకు. కౌన్సిల్ ఇచ్చేదీ పీసీఎనే, ప్రైవేటు పార్కింగ్ కంపెనీలు పంపేదీ పీసీఎనే. మొదటిది పెనాల్టీ ఛార్జ్, రెండోది పార్కింగ్ ఛార్జ్. కావాలనే అలా కలిసొచ్చే పేరు పెట్టుకున్నారని నా అనుమానం. కౌన్సిల్‌దైతే 14 రోజుల్లో కడితే సగమే. ప్రైవేటుదైతే ముందు టికెట్టు, టైము, బోర్డు ఫొటోలు చూసుకుని అప్పీల్ సంగతి ఆలోచించు.

చలికాలం వచ్చేసింది కాబట్టి ఇదొక్కటి. అద్దం మీద మంచు పేరుకుంటే వేడినీళ్ళు పొయ్యకు. నేను మొదటి ఏడాది కెటిల్ తెచ్చి గుమ్మరించాను, ఈ చివర నుంచి ఆ చివరకు టప్పున పగిలింది. ఆ చప్పుడు ఇంకా చెవిలో ఉంది. ఇంజిన్ ఆన్ చేసి లోపలికెళ్ళి కాఫీ తాగడం కూడా వద్దు. తాళం బండిలో ఉండగా ఎవరైనా ఎత్తుకుపోతే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు పైసా ఇవ్వవు.

ఎలక్ట్రిక్ కొనమని నాన్న నీకు వీడియోలు పంపుతున్నారని తెలుసు. మనకు డ్రైవ్‌వే ఉంది, రాత్రి ఇంట్లో ప్లగ్ పెట్టుకుంటాం, ఇంటి కరెంటుకు వ్యాట్ 5 శాతం. నీది గోడలు కలిసిన వరస ఇల్లు, డ్రైవ్‌వే లేదు, వీధిలో ఛార్జింగ్, అక్కడ వ్యాట్ 20 శాతం, రేటే ఎక్కువ. మూడో అంతస్తు కిటికీలోంచి వైరు దించుతావా? సొంత డ్రైవ్‌వే వచ్చాక చూద్దాం.

వచ్చే శనివారం పది గంటల రైలుకు వస్తున్నాను. నేను వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకు. 20 పెన్నీల బిళ్ళ ఒకటి దగ్గర పెట్టుకో. టైరు గాడిలో దూర్చి చూస్తే బిళ్ళ చుట్టూ ఉన్న అంచు కనపడకూడదు. కనపడితే 1.6 మిల్లీమీటర్ల లోతు లేదేమోనని అనుమానించాలి. కొంటే మాత్రం, లాగ్‌బుక్‌లోంచి చింపి ఇచ్చే ఆకుపచ్చ స్లిప్పు మీది నంబరుతో అక్కడే ఫోన్లో రోడ్ టాక్స్ కట్టాకే బండి కదలాలి. పాత ఓనర్ కట్టిన టాక్స్ నీకు రాదు. 2015లో నాన్న "ఇంకా నాలుగు నెలలుంది" అన్న మాట నమ్మి ఇంటికి తోలుకొచ్చేశారు. వెనకాలే 80 పౌండ్లకు ఉత్తరం వచ్చింది.

నిమ్మకాయలు నేనే తెస్తాను, కుంకుమ కూడా. నలుగురూ చూస్తారని సిగ్గయితే హారతి వద్దులే. నేను టైర్ల కింద పెట్టి పక్కకు తప్పుకుంటాను, నువ్వు ఏమీ తెలియనట్టు రివర్స్ చెయ్యి.

అమ్మ