గట్టు దారి మీద సైకిలు, కాలినడక: తల్లిదండ్రులకు లేఖ

తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

ఈ నెల లేఖను పరీక్షల సంగతితో మొదలుపెడదామనుకున్నాను. కానీ గత మంగళవారం ఉదయం కాలువ గట్టు మీద జరిగిన ప్రమాదం గురించి గుడి అరుగు మీద, టీ దుకాణం దగ్గర, మీ వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికే నాలుగు రకాల కథలు నడుస్తున్నాయి. ఒక కథలో మన అమ్మాయి సైకిలు వదిలేసి పారిపోయిందట. అది పచ్చి అబద్ధం. అందుకని జరిగింది జరిగినట్టు ముందు నేనే చెబుతాను.

ఉదయం ఏడు దాటి పది నిమిషాలు. పదో తరగతి చదువుతున్న అమ్మాయి ప్రత్యేక తరగతికి సైకిలు మీద వస్తోంది. పది అడుగుల ముందున్న మనిషి కూడా కనిపించనంత మంచు. ధనుర్మాసం కాబట్టి గుడిలో తిరుప్పావై వినేసి, ప్రసాదం గిన్నె చేత్తో పట్టుకుని ఒక మామ్మగారు అదే గట్టు మీద ఇంటికి నడిచి వెళ్తున్నారు. తూము దగ్గర సగం దారిని ఆరబోసిన ధాన్యం ఆక్రమించింది. దాని మీద బరకాలు, బరకాల అంచుల మీద రాళ్లు. అమ్మాయి బాగా దగ్గరకు వచ్చాక గంట కొట్టింది. మామ్మగారు ఉలిక్కిపడి, ఎటు తప్పుకోవాలో తెలియక సరిగ్గా సైకిలు ముందుకే జరిగారు. అమ్మాయి బ్రేకు వేసింది గానీ మంచుకు రిమ్ము తడిసిపోవడంతో అది వెంటనే పట్టలేదు. హ్యాండిలు భుజానికి తగిలి మామ్మగారు పడిపోయారు. కుడి మణికట్టు ఎముక చిట్లింది. నెలన్నర పాటు కట్టు ఉంటుంది. పడింది ధాన్యం వైపు. కాలువ వైపు పడి ఉంటే ఈ లేఖ ఇలా రాయగలిగేదాన్ని కాదు.

ఆ తరువాత అమ్మాయి ఏం చేసిందో కూడా చెప్పాలి. తన నోటు పుస్తకం అట్టను మామ్మగారి మణికట్టు కింద పెట్టి, చున్నీతో కదలకుండా కట్టింది. మా జీవశాస్త్రం ఉపాధ్యాయిని ఎనిమిదో తరగతిలో నేర్పిన ప్రథమ చికిత్స అది. రెండేళ్ల తరువాత, ఏడుస్తూ, వణుకుతున్న చేతులతో ఆ పిల్ల దాన్ని తప్పు లేకుండా చేసింది. వెనుక వస్తున్న ఏడో తరగతి అబ్బాయిని ఆటో కోసం పరుగెత్తించి, తాను మామ్మగారి పక్కనే కూర్చుంది. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం వాళ్లింటికి వెళ్లి నీళ్లు పట్టి, కూరగాయలు తరిగి ఇచ్చి వస్తోంది. ఎవరూ చెప్పలేదు. నాకే మూడు రోజుల తరువాత తెలిసింది. ఈ పిల్ల మా బడి పిల్ల అని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంది.

నా తప్పు కూడా ఉంది. ప్రత్యేక తరగతి ఏడున్నరకు పెట్టింది నేనే. రేపటి నుంచి సంక్రాంతి సెలవుల వరకు అది ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. మంచు విడవకపోతే పిల్లలు ఆలస్యంగా రావచ్చు, ఎవరూ ప్రశ్నించరు.

ఇక మీ దగ్గర నుంచి వచ్చిన విన్నపాలు. పిల్లలు సైకిళ్ల మీద రాకుండా ఆపేయమని కొందరు రాశారు. ముసలివాళ్లు ఆ వేళ గట్టెక్కకపోతే సరిపోతుంది కదా అని ఒకరు రాశారు, అది చదివి నాకు చాలా బాధ వేసింది. ఆ మామ్మగారు ఆ గట్టు మీద నడవడం మొదలుపెట్టేటప్పటికి మనలో చాలామందిమి పుట్టలేదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, నడిచేవారికి ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. మన గట్టుకు ఫుట్‌పాత్ లేదు. అలాంటప్పుడు గట్టు మొత్తం ముందు నడిచేవారిది, ఆ తరువాతే చక్రాల మీద వచ్చేవారిది.

మరి కొందరు, సైకిలుతో ఇంత గొడవైతే స్కూటీ కొనిస్తామన్నారు. దయచేసి ఆ మాట ఇంట్లో పిల్లల ముందు అనకండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే, బండి యజమానికో సంరక్షకుడికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలల పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు. ఇది చదివాక కూడా తొమ్మిదో తరగతి అబ్బాయి చేతికి తాళాలిచ్చి పంపే తండ్రులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వారు ఎవరో నాకు తెలుసు. నాకు తెలుసని వారికీ తెలుసు.

సైకిళ్లు ఆపడం మాత్రం నేను ఉన్నంత వరకు జరగదు. ఎందుకో చెప్పనివ్వండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, గట్టుకు అవతల ఉన్న లంక ఊళ్ల ఆడపిల్లలు ఏడో తరగతితో చదువు మానేసేవారు. తెలివి తక్కువై కాదు, డబ్బు లేక కూడా కాదు. ఉన్నత పాఠశాల నాలుగు కిలోమీటర్ల దూరం, అంతే. ఒక తండ్రి నాతో, "అంత దూరం ఒక్కతే ఎలా నడుస్తుందమ్మా?" అన్నారు. ఆయన ప్రశ్నకు జవాబు సైకిలు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తుంటే పల్లెటూరి ఆడవాళ్లు వేల మంది చీరల్లోనే సైకిలు నేర్చుకున్నారు, ఎవరేమనుకున్నా లెక్కచేయలేదు. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. ఉన్నత పాఠశాలలో చేరే ఆడపిల్లల సంఖ్య పెరిగింది, అదీ బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువగా పెరిగింది. ఇప్పుడు మన బడి సైకిలు స్టాండులో సగానికి పైగా సైకిళ్లు ఆడపిల్లలవే. వారిలో ఒకరు నిరుడు పాలిటెక్నిక్‌లో చేరారు. మరొకరు నర్సింగు చదువుతున్నారు. అదే లంక నుంచి, అదే గట్టు మీద నుంచి. ఆ స్టాండు ఖాళీ చేయమని నన్ను ఎవరూ అడగవద్దు.

కాబట్టి ఆపడం కాదు, నేర్పడం. మా భౌతికశాస్త్రం ఉపాధ్యాయుడు, పదో తరగతి పిల్లలు ఇద్దరు కలిసి శుక్రవారం టేపు పట్టుకుని గట్టు కొలిచారు. తూము దగ్గర దారి వెడల్పు ఏడడుగులు. ఇద్దరు పక్కపక్కన నడిస్తే నాలుగడుగులు పోతుంది, సైకిలు హ్యాండిలుకు రెండడుగులు పోతుంది. మిగిలేది ఒక్క అడుగు, అది కూడా ధాన్యం లేని రోజున. అందుకని తూము దగ్గర ఎదురుగా గానీ ముందు గానీ మనిషి కనిపిస్తే సైకిలు దిగి నడిపించుకు రావాలి. అది ఇకపై బడి నియమం.

ఆ పిల్లలే ఇంకో లెక్క కూడా వేశారు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వచ్చే సైకిలు ఒక్క సెకనులో నాలుగు మీటర్ల పైచిలుకు కదులుతుంది. ముందు నడిచే మనిషి కదిలేది ఒక మీటరు. అంటే మూడు మీటర్ల దూరంలో గంట కొడితే ఆ మనిషికి దొరికేది ఒక్క సెకను. ఉలిక్కిపడటానికే అది చాలదు. పది మీటర్ల ముందే కొడితే మూడు సెకన్లు దొరుకుతాయి, తిరిగి చూసి పక్కకు జరగవచ్చు. మంగళవారం జరిగిందంతా ఈ రెండు సెకన్ల తేడాలోనే జరిగింది. ఈ లెక్కను పిల్లలు నల్లబల్ల మీద వేసి చూపిస్తుంటే తరగతి గది నిశ్శబ్దమైపోయింది. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో గణితం ఇంత అవసరంగా కనిపించిన రోజు మరొకటి లేదు. ఇక మంచులో మనిషి కనిపించడమే పది అడుగుల్లో కాబట్టి, ఆ వేళ నడక వేగంతోనే తొక్కాలి, మలుపుల దగ్గర ముందుగానే గంట కొడుతూ రావాలి.

గంట ఒకసారి, మెల్లగా. ఆగకుండా మోగిస్తే అది హెచ్చరిక అనిపించుకోదు, తిట్టు అనిపించుకుంటుంది. వినపడలేదనిపిస్తే నోరు తెరిచి, "మామ్మగారూ, మీ కుడి పక్క నుంచి వెళ్తున్నానండీ" అనాలి. చెవులు వినపడనివారు, చూపు ఆననివారు గట్టు మీద చాలామంది ఉన్నారు. వారు తప్పుకోకపోతే తప్పు వారిది కాదు. దాటేటప్పుడు వేగం తగ్గించి, దాటాక ఒక మాట చెప్పి వెళ్లాలి. అలా చెప్పిన పిల్లవాడి ఇంటి పేరు ఊరంతా అడుగుతుంది.

నడిచే పెద్దలకు కూడా ఒక మనవి. చేను వైపు నడవండి, కాలువ వైపు కాదు. చిన్నపిల్లలను మీకు చేను వైపున ఉంచి చెయ్యి పట్టుకోండి. నలుగురైదుగురు వరుసగా పరుచుకుని నడవడం, దారి మధ్యలో నిలబడి ఫోనులో మాట్లాడటం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం వద్దు. గేదెను ఒక గట్టంచున, తాడు కట్టిన గుంజను రెండో అంచున ఉంచితే మంచులో ఆ తాడు ఎవరికి కనిపిస్తుంది? రైతు సోదరులు ధాన్యం ఎక్కడ ఆరబోస్తారో, వాన భయం ఎంతటిదో నాకు తెలుసు, మాదీ రైతు ఇల్లే. తూము దగ్గర మాత్రం వదిలేయండి. ఎత్తేశాక రాళ్లు అక్కడే వదలకండి.

ఇళ్లలో సంగతి కూడా కొంత చెప్పాలి. మీరంతా పిల్లల మేలు కోరేవారే, అందులో నాకు అనుమానం లేదు. కానీ శనివారం సైకిలు స్టాండులో ఒక్కొక్క సైకిలు పట్టుకుని చూశాను. గంట మూత ఊడిపోయినవి, స్ప్రింగు తుప్పు పట్టి మూగబోయినవి, బ్రేకు రబ్బర్లు అరిగి ఇనుము ఇనుమును గీరుతున్నవి సగానికి తక్కువ లేవు. కొత్త సైకిలు వేలు పోసి కొంటాం, గంట బాగు చేయించడానికి మాత్రం తీరిక ఉండదు. మరో అలవాటు, పెరిగే పిల్ల కదా అని రెండేళ్లకు సరిపడా పెద్ద సైకిలు కొనడం. మంగళవారం ఆ అమ్మాయి కాళ్లు నేలకు అందలేదు. అంది ఉంటే బ్రేకు పట్టకపోయినా కాలు ఆనించి ఆపుకునేది. చొక్కా వదులుగా కుట్టించండి, సైకిలు మాత్రం ఈ రోజు ఎత్తుకు సరిపోయేదే కొనండి.

ఇంకొకటి. రాత్రి పదకొండు దాకా ఫోను చూసిన పిల్లను ఉదయం ఆలస్యంగా లేపి, సగం ఇడ్లీ నోట్లో కుక్కి, "తొందరగా తొక్కు" అని పంపితే ఆ పిల్ల గట్టు మీద ఎవరిని గమనిస్తుంది? ఇంట్లో పోగొట్టుకున్న పది నిమిషాలను గట్టు మీద రాబట్టుకోమని మనమే చెబుతున్నాం. పావుగంట ముందు లేపండి. పిల్లలను దింపడానికి వచ్చే తండ్రులు మోటారు సైకిలు హారను మోగిస్తూ గట్టు మీద దూసుకు రావడం కూడా ఆపాలి. పిల్లలు మనం చెప్పింది వినరు, మనం చేసేది చేస్తారు.

మిగతా విషయాలు: ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకం చేసి సోమవారం లోగా పంపండి, అపార్ ఐడీకి (విద్యార్థి గుర్తింపు సంఖ్యకు) ఆధార్‌లో పేరు సరిచేయాల్సిన వారు ఆఫీసులో కలవండి, మధ్యాహ్న భోజనం పళ్లెం మరచిపోకుండా పంపండి. ముగ్గుల పోటీ సెలవులకు ముందు రోజు.

సంక్రాంతికి బయటి ఊళ్ల నుంచి వచ్చే మీ బంధువులకు కార్లు గట్టు మీదకు తేవద్దని ఇప్పుడే చెప్పండి. పోయిన పండక్కి ఒక కారు తూము దగ్గర ఇరుక్కుని, ప్రభల తీర్థానికి వెళ్లే జనం గంటసేపు ఆగిపోయారు.

మామ్మగారిని ఆదివారం వెళ్లి చూశాను. అమ్మాయిని తిట్టారా అని అడిగితే, "దాన్ని సైకిలు మాన్పించకండమ్మా, మా కాలంలో మాకు ఎవరు నేర్పారు?" అన్నారు. అమ్మాయి తల్లిదండ్రులు సైకిలు అటక మీద పెట్టేశారని విన్నాను. దయచేసి దింపండి.

వచ్చే శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు బడి ఆవరణలో సైకిళ్ల తనిఖీ ఉంది. సైకిలు షాపు మేస్త్రీ వస్తానన్నారు. గంటలు, బ్రేకు రబ్బర్లు, వెనుక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టర్లు అక్కడే వేయిస్తాం. కొనలేని వారికి బడి తరఫున ఇస్తాం, అడగడానికి మొహమాటపడవద్దు. సీట్లు దింపాలి కాబట్టి ఇంట్లో స్పానర్లు ఉన్నవారు తీసుకురండి. తండ్రులు కూడా రావాలి. సోమవారం నుంచి వారం రోజుల పాటు ఉదయం ఏడున్నర నుంచి నేను తూము దగ్గర నిలబడతాను. అక్కడ సైకిలు దిగని వారితో అక్కడే మాట్లాడతాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయిని