నాన్న దగ్గరకు ఆ మాటలు మోసుకొచ్చిన వారికి కృతజ్ఞతలు

మా తమ్ముడి విషయంలో మా కుటుంబానికి తోడు నిలిచిన వారందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకోవలసిన బాకీ చాలాకాలంగా మిగిలిపోయింది. అయితే వారిలో ముగ్గురు తమ పేర్లు రాయవద్దని కోరారు, తమ్ముడి పేరు నేను ఎలాగూ రాయను, కనుక ‘పేరుపేరునా’ అన్న మాట ఇక్కడ మర్యాదకు మాత్రమే మిగులుతుంది. ఇది రాయడానికి తమ్ముడు ఒప్పుకున్నాడు. నాన్న రెండుసార్లు చదివి ఒక తేదీ సరిదిద్దారు.

2023 ఏప్రిల్ 18న స్వలింగ వివాహాల పిటిషన్లపై సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణ మొదలుపెట్టింది. ఆ విచారణ ప్రత్యక్షంగా ప్రసారమయింది కాబట్టి పగలంతా కోర్టు, రాత్రంతా చానళ్ళ చర్చలు. సరిగ్గా ఆ వారాంతంలోనే తమ్ముడు ఇంటికి వచ్చి, తాను గే అని, నాలుగేళ్ళుగా ఒక అబ్బాయితో కలిసి ఉంటున్నానని, ఇక తనకు సంబంధాలు చూడవద్దని అమ్మానాన్నలకు చెప్పాడు. దేశమంతా ఆ మాటే మాట్లాడుకుంటున్నప్పుడు చెబితే తన భారం కాస్త తగ్గుతుందని వాడు అనుకున్నాడట. జరిగింది వేరు. టీవీలో అప్పటికే విన్న మాటలే నాన్న నోట జవాబులుగా వచ్చాయి. విచారణకు ముందు కేంద్ర ప్రభుత్వం వేసిన అఫిడవిట్‌లో ఈ కోరిక నగరాల్లోని ఉన్నతవర్గాల వారి ఆలోచన మాత్రమే అన్న వాదన ఉంది. నాన్న అఫిడవిట్ చదవలేదు, చదవవలసిన అవసరమూ లేకపోయింది. ‘‘ఇదంతా డబ్బున్న వాళ్ళ సరదారా, మనబోటి వాళ్ళకెందుకు?’’ అన్నారు. తమ్ముడు ఆ రాత్రి బస్సుకే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆరు నెలలు తండ్రీకొడుకుల మధ్య మాటలు లేవు.

ఆ ఆరు నెలల్లో నాకు అర్థమైనదేమిటంటే, అధికారంలో ఉన్నవారి మాటలు ఎవరూ మోయనక్కరలేకుండానే ఇంట్లోకి వచ్చి కూర్చుంటాయి. మే నెలలో ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్, అస్సాం ప్రభుత్వాలు ఈ పెళ్ళిళ్ళకు తాము వ్యతిరేకమని తెలియజేసినట్లు కేంద్రం కోర్టుకు చెప్పింది. ఆ వార్త సాయంత్రానికల్లా అమ్మ దగ్గరకు చేరింది. మూడు ప్రభుత్వాలు, అందులోనూ మూడు వేర్వేరు పార్టీలవి, ఒకే మాట అన్నాయంటే అందులో ఏదో నిజం ఉండే ఉంటుందని ఆమె అనుకుంది. అదే కేసులో మొదటి పిటిషనర్లు సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాదులో ఉండే జంట అని, తమ పేర్లతో, ముఖాలతో దేశం ముందు నిలబడ్డారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది నేను. నాకూ అప్పటికి తెలియదు.

మొదటి కృతజ్ఞత నాన్న పాత సహోద్యోగి, తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైన పంతులు గారికి. నాన్న అదే బడిలో ముప్పై ఏళ్ళకు పైగా డ్రిల్లు మాస్టారు. ఇద్దరూ సాయంత్రాలు కలిసి నడుస్తారు. విషయం తెలిసిన రోజు పంతులు గారు నాన్నకు హితబోధ ఏమీ చేయలేదు. ‘‘ఏమన్నాడు మనవాడు?’’ అని మాత్రం అడిగారు. వార్తాపత్రికలు నేర్పిన మాటతో నాన్న ‘‘స్వలింగ సంపర్కుణ్ణి అన్నాడు’’ అని జవాబిచ్చారు. నిజానికి తమ్ముడు ఆ మాట అనలేదు. పంతులు గారు నడక ఆపి, ‘‘సంపర్కం అంటే కూడిక కదా మాస్టారూ. మీ అమ్మాయి పెళ్ళి శుభలేఖలో ‘భిన్నలింగ సంపర్కం’ అని అచ్చు వేయించారా?’’ అని అడిగారు. ఆ శుభలేఖ నాదే. నాన్నకు కోపం వచ్చింది, ఆపైన నవ్వు ఆగలేదు. పక్క వీధి దాకా ఇద్దరూ నవ్వుతూనే నడిచారని అమ్మ చెప్పింది. ఒక మనిషి జీవితాన్నంతా ఒక పడక గది పనికి కుదించే ఆ మాట మా ఇంట్లో ఆ రోజుతో ఆగిపోయింది. అమ్మ ఇప్పుడు ‘ఇష్టపడటం’ అనే అంటుంది. తమ్ముడు ‘గే’ అనే అంటాడు. రెండూ బాగానే ఉన్నాయి.

రెండో పని పంతులు గారు ఇంకా నేర్పుగా చేశారు. ‘డబ్బున్న వాళ్ళ సరదా’ అన్న మాట పట్టుకుని, సెప్టెంబరులో ఒక సాయంత్రం పరుగుల క్రీడాకారిణి ద్యుతీ చంద్ గురించి ఎత్తారు. నాన్నకు ఆమెను ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. ఒడిశాలోని ఒక చేనేత కుటుంబం నుంచి వచ్చిన ఆ అమ్మాయిని 2014లో హార్మోన్ల పేరుతో పోటీలకు దూరం పెట్టడం, 2015లో ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానంలో గెలవడం, 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో వంద మీటర్లకూ రెండు వందల మీటర్లకూ రజతాలు తేవడం నాన్న నోటుపుస్తకంలో టైమింగులతో సహా ఉన్నాయి. వంద మీటర్లు 11.32 సెకన్లు. అయితే 2019 మే నెలలో తాను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని ఆమె బహిరంగంగా చెప్పిందన్న సంగతి ఆ పుస్తకంలో లేదు. ఆ మాటకు సొంత ఇంటివారే ఆమెను తప్పుపట్టారు. ఆ తర్వాత రెండు నెలలకు, జూలైలో, నేపుల్స్‌లో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో మళ్ళీ అదే 11.32 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం గెలిచింది. పంతులు గారు చెప్పిందంతా విని నాన్న, ‘‘డోపింగ్‌లో నాలుగేళ్ళు నిషేధం పడింది కదా మొన్ననే’’ అన్నారు. అది నిజమే. 2023 ఆగస్టులోనే ఆ నిర్ణయం వచ్చింది. పంతులు గారు దాన్ని కప్పిపుచ్చలేదు. ‘‘పడింది. మందు తప్పు మందుదే. అమ్మాయిని ప్రేమించడం కూడా ఆ లెక్కలోనే వేస్తారా?’’ అని అడిగారు. నాన్న ఏమీ అనలేదు. ఆ రాత్రి నోటుపుస్తకం తీసి, నేపుల్స్ అంకె పక్కన ‘2019 మే తర్వాత’ అని చిన్నగా రాశారు. నేను చూశాను.

ప్రముఖులు ఈ విషయంలో నోరు విప్పితే ఎవరికి లాభం అని వెటకారంగా అడిగేవారున్నారు. స్వలింగ ప్రేమికులకు మద్దతుగా జూన్ నెలలో ఇంద్రధనుస్సు జెండా పెట్టి జూలైలో దించేసే వారిని చూసి నేనూ అలాగే అడిగేదాన్ని. ఇప్పటికీ అలాంటి వారి మీద నాకు పెద్ద గౌరవం లేదు. కానీ పోగొట్టుకోవలసింది ఉండి కూడా, రాజకీయం ఎదురుగాలిగా వీస్తున్నప్పుడు మాట్లాడినవారి మాటకు బరువు వేరు. ఆ తేడాను కాగితాలు చూపించి మరీ నాకు అర్థమయ్యేలా చేసినవారు లాయరు గారు. ఆవిడకు నా రెండో కృతజ్ఞత. ఫీజు మాట ఎత్తనివ్వలేదు. నలభై పేజీల ఫైలు ఒకటి తయారుచేసి, ‘‘మీ నాన్న గారికి మన వాళ్ళు మంచివాళ్ళని చెప్పకండి, జరిగింది జరిగినట్టు ఇవ్వండి’’ అన్నారు.

ఆ ఫైలులో మనకు నచ్చనివీ ఉన్నాయి. స్వలింగ సంబంధాలను నేరంగా పరిగణించిన పాత శిక్షాస్మృతిలోని సెక్షన్ 377ను పరస్పర సమ్మతి ఉన్న పెద్దలకు వర్తింపజేయకూడదని 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2013 డిసెంబరు 11న కొట్టివేసినప్పుడు సోనియా గాంధీ తన నిరాశను బహిరంగంగా తెలపడమూ, అప్పటి బీజేపీ అధ్యక్షులు రాజ్‌నాథ్ సింగ్ ఆ సెక్షన్‌ను సమర్థించడమూ పక్కపక్కనే ఉన్నాయి. రెండేళ్ళ తర్వాత అదే బీజేపీకి చెందిన అరుణ్ జైట్లీ ఆ తీర్పును పునఃపరిశీలించాలని అన్న వార్తా ఉంది. కాబట్టి ఇది ఏ ఒక్క పార్టీ గోడ కాదని నాన్న తనంతట తానే గ్రహించారు. శశి థరూర్ ఆ సెక్షన్‌ను సవరించాలని లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టబోతే ప్రవేశ దశలోనే 2015 డిసెంబరులో 71-24 ఓట్లతోనూ, 2016 మార్చిలో 58-14 ఓట్లతోనూ ఓడిపోయింది. నాన్న ఈ అంకెల దగ్గర ఆగి, ‘‘మొత్తం ఎంతమందమ్మా సభలో?’’ అని అడిగారు. ఐదు వందల నలభై పైచిలుకు. ‘‘మిగతావాళ్ళు మైదానానికే రాలేదన్నమాట’’ అన్నారు. డ్రిల్లు మాస్టారి దృష్టిలో ఓడిపోవడం కన్నా అది పెద్ద నేరం.

ఫైలులో ఒక పత్రిక ముఖచిత్రం నకలు కూడా ఉంది. 2013 తీర్పు వెలువడిన ఆ డిసెంబరులోనే ఇండియా టుడే వేసిన ముఖచిత్రం అది. రచయిత విక్రమ్ సేఠ్ మాసిన గడ్డంతో, చెదిరిన జుట్టుతో, చేతిలో పలక పట్టుకుని నిలబడి ఉంటారు. పోలీసులు దొంగలకు ఫోటో తీసేటప్పుడు పట్టించే పలక లాంటిది. దాని మీద ‘నేరస్థుణ్ణి కాను’ అని ఇంగ్లీషులో ఉంటుంది. 2006లోనే సెక్షన్ 377కు వ్యతిరేకంగా బహిరంగ లేఖ రాసిన మనిషి, దానికి అమర్త్య సేన్ వంటి వారి మద్దతు సంపాదించిన మనిషి, ఏడేళ్ళ తర్వాత కోర్టు మళ్ళీ నేరమంటే పలక పట్టుకుని ఫోటోకు నిలబడ్డారు. ఆ బొమ్మ అమ్మను కదిలించింది. ‘‘వీడు కూడా అలాగే అనుకున్నాడా, మనం దొంగలా చూశామని?’’ అని అడిగింది. అవునమ్మా, అనుకున్నాడు.

స్వలింగ సంబంధాలు నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పిన 2018 సెప్టెంబరు 6 నాటి తీర్పు నుంచి లాయరు గారు ఒకే ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత గీశారు. ఆ సముదాయానికి చెందిన వారికీ, వారి కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పుకోవలసి ఉందని జస్టిస్ ఇందూ మల్హోత్రా రాసిన వాక్యం అది. ఎంతోమంది ఉటంకించిన మాటే అయినా, ‘వారి కుటుంబాలకూ’ అన్న ముక్క నా కంట ఎన్నడూ పడలేదు. ఇన్నాళ్ళూ మా ఇంటికి జరిగిన అవమానం తమ్ముడి వల్ల వచ్చిందని నాన్న అనుకున్నారు. ఆ వాక్యం ఆ అవమానాన్ని తమ్ముడి మీద నుంచి తీసి వేరేచోట పెట్టింది. ఈ కేసుల్లో వాదించిన మేనకా గురుస్వామి, అరుంధతీ కట్జూ తామిద్దరూ జంటేనని 2019లో బయటకు చెప్పారని, 2013 ఓటమి తమకు సొంత ఓటమి కూడానని వారు అన్నారని చెప్పేటప్పుడు మాత్రం లాయరు గారి గొంతు మారింది. ఎందుకో నేను అడగలేదు.

మూడో కృతజ్ఞత, తన కొడుకు కథను అమ్మతో ప్రతి ఆదివారం ఫోనులో పంచుకున్న ఒక తల్లికి. ఆవిడ ఏం మాట్లాడారో నాకు తెలియదు, అమ్మ చెప్పదు. ఫలితం మాత్రం చూస్తున్నాను.

ఇక్కడ ఒకరికి కృతజ్ఞత చెప్పడం లేదని కూడా రాయాలి. మాకు దూరపు బంధువైన ఒక ప్రజాప్రతినిధి ఇంటికి వచ్చి, తమ్ముణ్ణి మెచ్చుకుని, తాను మా పక్షమేనని అన్నారు. ఆ మాట నలుగురిలో ఒక్కసారి అనమని పంతులు గారు అడిగితే, ఎన్నికలు దగ్గరపడుతున్నాయని నవ్వేశారు. ఆయన మంచివారే. గదిలో చెప్పిన మంచిమాట గదిలోనే ఉండిపోయింది.

2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. పెళ్ళి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు న్యాయమూర్తులూ ఏకాభిప్రాయంతో చెప్పారు. అయితే వారి సహజీవనానికి చట్టబద్ధమైన గుర్తింపు ఉండాలా అన్నదాని మీద 3-2గా చీలారు, గుర్తింపు ఉండాలన్న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ కౌల్ మైనారిటీలో మిగిలారు. ఆ రాత్రి తొమ్మిదింటికి నాన్న ఆరు నెలల తర్వాత తమ్ముడికి ఫోను చేశారు. కుశల ప్రశ్నలు లేవు. ‘‘ఒక్క ఓటు తేడాయేనటగా’’ అన్నారు. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత తమ్ముడు, పెళ్ళి విషయంలో అయితే ఐదుకు ఐదూ పోయాయని, ఒక్క ఓటు తేడా సహజీవనం గురించేనని విడమరచి చెప్పడం మొదలుపెట్టాడు. నాన్న కాగితం, కలం తెమ్మని నాకు సైగ చేసి రాసుకున్నారు. ఫోను నలభై నిమిషాలు నడిచింది. ఆ సంక్రాంతికి తమ్ముడు ఇంటికి వచ్చాడు, ఒక్కడే. మరుసటి ఏడాది ఇద్దరూ వచ్చారు.

లాయరు గారూ, మీ ఫైలు ఇంకా నాన్న దగ్గరే ఉంది, ఆలస్యానికి మన్నించండి. 2025 జనవరి 9న ఆ పెళ్ళిళ్ళ తీర్పుపై వేసిన రివ్యూ పిటిషన్లను కొట్టివేసిన వార్తను ఆయన కత్తిరించి చివరి పేజీకి అంటించారు, 2024 జూలై 1 నుంచి కొత్త న్యాయ సంహితలో సెక్షన్ 377 అసలు లేదని మీరు చెప్పిన మాటను పక్కన ఎర్ర సిరాతో రాసుకున్నారు. ఇంకో రెండు కాగితాలు పంతులు గారు ఇస్తానన్నారట. అవి రాగానే పంపిస్తాను.