ఉప్పలపాడు గూడబాతులు సైబీరియావి కావు

సంపాదకులు గారికి, నమస్కారం.

సంక్రాంతికి అటూ ఇటూగా ఏటా మన పత్రికల జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పకుండా వస్తుంది. తుమ్మచెట్ల నిండా కొంగలు, గూడబాతులు (పెలికాన్లు). కింద 'సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన విదేశీ అతిథులు' అన్న వ్యాఖ్య. చెరువుల మీద పక్షుల్ని లెక్కపెట్టే మా బోటివాళ్లకు ఆ ఫొటో చూస్తే సంతోషమే. ఆ ఒక్క వాక్యం మాత్రం దయచేసి మార్చండి.

మన గుంటూరు దగ్గరి ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) మన దేశపు పక్షులే. రాయలసీమలోని వీరాపురంలో ఇళ్ల మధ్య చెట్లెక్కి కాపురం పెట్టే కొంగలూ అంతే. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి చెరువు నుంచి చెరువుకు, జిల్లా నుంచి జిల్లాకు తిరుగుతుంటాయి. గుర్తు చాలా తేలిక. చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చే వలసపక్షి ఇక్కడ తిని, బలం పుంజుకుని, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతుంది. గుడ్లు పెట్టేది తన సొంత నేల మీదే. చెట్టు మీద గూడు, గూట్లో పిల్లలు కనిపించాయంటే ఆ పక్షికి ఇదే పుట్టిల్లు. పులికాట్‌లో గులాబీ రంగు రెక్కలతో కనిపించే ఫ్లెమింగోలకూ సైబీరియాతో సంబంధం లేదు. మన దేశంలో అవి పెద్దయెత్తున గుడ్లు పెట్టేది కచ్ రణ్‌లో.

నిజంగా దూరదేశాల నుంచి వచ్చేవి ఆ ఫొటోలో ఉండవు. నీటి మధ్యలో చుక్కల్లా తేలే సూదితోక బాతులు, గరిటెమూతి బాతులు, నెత్తిన రెండు నల్లచారలుండే బాతులు ఆ కోవలోవి. నెత్తిచారల బాతు టిబెట్, మంగోలియా వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. సాయంత్రంపూట ఆకాశంలో మబ్బులా మెలికలు తిరుగుతూ వచ్చి చెట్లమీద వాలే గులాబీ గోరింకలు మధ్య ఆసియా మైదానాలవి. జొన్నచేలకు కాపలా కాసే రైతులకు వాటి సంగతి మాకంటే బాగా తెలుసు.

ఇదంతా పేర్ల పట్టింపు అనుకోవద్దు. గూడబాతును విదేశీ అతిథి అన్నాక, ఓ ఏడు అది రాకపోతే 'అక్కడ వాతావరణం మారినట్టుంది' అని సరిపెట్టుకుంటాం. మన పక్షే అని తెలిస్తే చెరువులో నీళ్లేమయ్యాయి, గూళ్లచెట్టు ఎవరు కొట్టారు అని అడుగుతాం. కొల్లేరు దగ్గర 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ చూసిన గూడబాతుల కాలనీలో సుమారు 3,000 పక్షులు గూళ్లు కట్టాయి. 1975 నాటికి ఆ కాలనీయే లేకుండా పోయింది. అప్పట్లో ఒక మనిషి చూసి, లెక్క రాసి పెట్టబట్టే మనం ఏం పోగొట్టుకున్నామో ఇవాళ చెప్పగలుగుతున్నాం.

ఆ లెక్క ఎలా తీస్తారో మీ విలేకరులకూ పాఠకులకూ తెలియాలి. ఆసియా నీటిపక్షుల గణన 1987లో మొదలైంది. ఏటా జనవరిలో ఊరూరా పక్షిప్రేమికుల బృందాలు చెరువుల మీదికి వెళ్తాయి. నలుగురు చాలు. ఒకరు బైనాక్యులర్‌తో చూసి చెబుతారు, ఒకరు రాస్తారు, ఒకరు ఆకాశం మీద కన్నేసి ఏ గుంపు ఎన్ని గంటలకు ఎటు ఎగిరిందో చెబుతారు, నాలుగోవారు అదే గుంపును విడిగా లెక్కపెడతారు. రెండు లెక్కలకూ బాగా తేడా వస్తే మళ్లీ మొదలు. పొద్దున తూర్పు గట్టు మీద నిలబడాలి. పడమటి గట్టున నిలబడితే సూర్యుడు ఎదురై బాతులన్నీ నల్లటి నీడల్లా కనిపిస్తాయి, ఒక జాతిని ఇంకో జాతిగా రాసేస్తాం. తెల్లవారాక తొమ్మిదింటిలోపు పని అయిపోవాలి. ఆ తర్వాత నీటిమీద వేడిగాలి ఆడి, టెలిస్కోపులో దూరపు పక్షి అంచులు కరిగిపోతాయి.

పెద్ద చెరువునైతే ముక్కలుగా విడగొట్టుకోవాలి: తూము నుంచి తాటిచెట్ల దాకా ఒకటి, తాటిచెట్ల నుంచి అలుగు దాకా ఇంకొకటి. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఒక ముక్క పూర్తయ్యాక పశువులో పడవో కదిలి గుంపు లేచి రెండో ముక్కలో వాలుతుంది. అవే పక్షులు రెండుసార్లు లెక్కకెక్కుతాయి. అందుకే లేచిన సమయం, వాలిన చోటు అప్పటికప్పుడే రాయాలి. ఇంటికెళ్లి గుర్తుతెచ్చుకుందాం అంటే కుదరదు.

వందల గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. పది పక్షుల్ని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఉన్నాయో కంట్లో నిలుపుకుని, ఆ కొలతతో మిగతా గుంపును కొలుస్తూ పోతారు. గుంపు వేలల్లో ఉంటే కొలత వంద పక్షులది. గుంపు అంచున పక్షులు పలుచగా, నడుమ చిక్కగా ఉంటాయి. అంచున తీసిన కొలతతో నడుమను కొలిస్తే లెక్క బాగా తగ్గిపోతుంది. రెండుచోట్లా విడివిడిగా కొలత తీయాలి. కొత్తవాళ్లు దీన్ని ఇంట్లోనే నేర్చుకోవచ్చు. పళ్లెంలో గుప్పెడు కందిపప్పు చల్లి, అయిదు సెకన్లు చూసి అంచనా రాసి, తర్వాత గింజగింజా లెక్కపెట్టాలి. వారం రోజులు చేస్తే కన్ను కుదురుతుంది.

బైనాక్యులర్ 8×42 రకమైతే మేలు. ఎనిమిది రెట్లు పెద్దగా చూపుతుంది, 42 మిల్లీమీటర్ల అద్దం కాబట్టి తెల్లవారుజామునా వెలుగు చాలుతుంది. ఎక్కువ రెట్లుంటే ఎక్కువ కనిపిస్తుందని 12, 16 కొంటారు, చేతుల వణుకూ అన్ని రెట్లూ పెరుగుతుంది. ముందు కుడికన్ను మూసి, మధ్యచక్రం తిప్పుతూ ఎడమకంటికి స్పష్టంగా కుదుర్చుకోవాలి. తర్వాత ఎడమకన్ను మూసి కుడివైపు కంటిగొట్టం దగ్గరి రింగు తిప్పాలి. కళ్లద్దాలుంటే రబ్బరు అంచులు కిందికి దించుకోవాలి. పక్షి కనిపించగానే తల దించి బైనాక్యులర్‌ను వెతుక్కోవద్దు. చూపు పక్షి మీదే ఉంచి దాన్ని కంటిదాకా ఎత్తాలి.

తెల్లకొంగల దగ్గర అందరూ తడబడతారు. నల్లముక్కు, నల్లకాళ్లు, పసుపు వేళ్లుంటే చిన్న తెల్లకొంగ. పెద్ద తెల్లకొంగకు నోటిగీత కన్ను దాటి వెనక్కి పోతుంది, మధ్యరకానికి కంటికిందే ఆగిపోతుంది. నుదుట తెల్లబిళ్ల ఉన్న నల్లటి కూట్ అనే పక్షి బాతు కాదు, దాన్ని బాతుల్లో కలిపితే బాతుల సంఖ్య అబద్ధం అవుతుంది. పోల్చుకోలేకపోతే 'తెల్లకొంగలు, రకం తెలియలేదు, 40' అని రాయడమే సరైన పద్ధతి. నీటిమట్టం, గుర్రపు డెక్క చెరువులో ఎంత భాగం కమ్మిందో కూడా ఫారంలో రాస్తారు. గుర్రపు డెక్క కమ్మితే దాని ఆకులమీద నడిచే జకానాలు పెరిగి, తెరపనీళ్లు కావాల్సిన బాతులు తగ్గుతాయి. ఆ సంగతి లేకుండా అంకెలు మాత్రమే చూస్తే ఏమీ అర్థం కాదు.

జనవరి లెక్క ఒక్కటే కాదు. హైదరాబాద్‌లో 1980లో మొదలైన పక్షి వీక్షకుల సంఘం నేటికీ డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. చిన్న ఊళ్లలోనూ నెలకో ఆదివారం నడకలు జరుగుతున్నాయి. కనీసం పదిహేను నిమిషాలు, కనిపించిన, వినిపించిన ప్రతి జాతినీ సంఖ్యతో సహా ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైటులో రాయడమే పని. కాకినీ గోరింకనూ వదిలేయకూడదు. జాబితా పూర్తిగా ఉంటేనే అందులో లేని పక్షి నిజంగా కనిపించలేదని తేలుతుంది. ఇలా దేశమంతటా 30 వేల మందికి పైగా రాసిన మూడు కోట్ల నమోదుల నుంచే 2023లో భారత పక్షుల స్థితిగతుల నివేదిక వచ్చింది. 30 శాతమో అంతకు మించో తగ్గిపోయి, ప్రపంచ ముప్పు జాబితాలో వాటి స్థానాన్ని మళ్లీ పరిశీలించాలని ఆ నివేదిక సూచించిన 14 జాతుల్లో దసరానాడు మనం చూసి దండం పెట్టే పాలపిట్ట ఒకటి. పంజరంలో పెట్టి, కాళ్లకు దారం కట్టి గుడిముందు డబ్బుకు చూపించే పాలపిట్టకు దండం పెట్టొద్దని, ఆ వేళ ఊరిబయట కరెంటుతీగల మీద వెతికి చూడమని మీ దసరా సంచికలో ఒక్క ముక్క రాస్తే బాగుంటుంది.

గూళ్ల విషయంలో ఇంకో విన్నపం. మధ్యాహ్నం ఎండలో ఎర్రకాళ్ల కొంగ గూటి అంచున నిలబడి, రెక్కలు సగం విప్పి, సూర్యుడు జరిగేకొద్దీ తానూ జరుగుతూ కిందున్న పిల్లలకు నీడ పడుతుంది. ఇంకా ఈకలు రాని పిల్లలవి. సెల్ఫీకోసం చెట్టుకిందికి పోయినా, డ్రోన్ ఎగరేసినా తల్లి లేచిపోతుంది. నీడ పోతుంది, కాకులు, గద్దలు అదే అదనుగా గుడ్లమీద పడతాయి. డ్రోన్‌తో తీసిన గూళ్ల ఫొటో ఎంత బాగున్నా వేయవద్దు.

వచ్చే జనవరి లెక్కకు మీ జిల్లా విలేకరిని పంపండి. ఉదయం ఆరున్నరకల్లా గట్టు మీద ఉంటే చాలు. తెల్లచొక్కా వద్దు, మట్టిరంగుదో ఆకుపచ్చదో మేలు. బైనాక్యులర్ మేమిస్తాం. ఫొటో కింద చెరువు పేరు, తేదీ, పక్షి పేరు, ఎన్ని ఉన్నాయో వేయండి. పోయిన ఏడాది అంకె కూడా పక్కన వేయడానికి మా దగ్గరున్న లెక్కలు ఇస్తాం.

ఇట్లు,
పక్షుల లెక్కింపు బృందం సభ్యులు,
గుంటూరు జిల్లా