వాహనాలు లేని దారి అని చెప్పి హైవే ఎక్కించారు: మీ సైకిల్ యాత్రపై ఫిర్యాదు

గుంతకల్లు,
4 డిసెంబర్ 2023

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,
హైదరాబాద్.

విషయం: స్పెయిన్ ఆలివ్ తోటల సైకిల్ యాత్రలో చెప్పకుండా చేసిన మార్పులు, వాటివల్ల కలిగిన ప్రమాదం, నష్టపరిహారం గురించి.

నమస్కారం.

నవంబర్ 14 నుంచి 17 వరకు మీ సంస్థ ద్వారా స్పెయిన్ వెళ్లి సైకిల్ యాత్ర చేసి వచ్చిన దంపతులం మేము. విమాన టికెట్లు కాకుండా మీకు 2,40,000 రూపాయలు కట్టాం. మీ ప్రకటన తెలుగులో వచ్చింది. డబ్బు కట్టేదాకా ఫోన్లో మాట్లాడిన అమ్మాయి కూడా చక్కటి తెలుగులో మాట్లాడింది. అందుకే ఈ ఫిర్యాదూ తెలుగులోనే రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, ఆ దారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నేను రైల్వేలో ట్రాక్ పని చూసి రిటైరైన మనిషిని. వియా వెర్దే దెల్ అసెయితే అంటే 'నూనె పచ్చదారి' అనీ, ఒకప్పుడు ఆలివ్ నూనె మోసిన రైలు మార్గాన్నే సైకిళ్లకు వదిలేశారనీ మీ ప్రకటనలో చదివాకే ఈ యాత్రకు మనసు లాగింది. హయేన్ నుంచి పుయెంతె హెనిల్ దాకా 128 కిలోమీటర్లు. (మీ సిబ్బంది చివరిదాకా 'జేన్' అంటూనే ఉన్నారు. ఆ పేరుతో అడిగితే మాడ్రిడ్ స్టేషన్లో టికెట్ ఇచ్చే అతనికి మేం ఏ ఊరు వెళ్లాలో అర్థం కాలేదు.) 1985లో రైళ్లు ఆగిపోయిన లైను అది. రైలు లైను ఎక్కుడుకు ఒక హద్దు (రూలింగ్ గ్రేడియెంట్ అంటాం) పెట్టుకునే వేస్తారు కాబట్టి, పక్కన ఎంత పెద్ద కొండలున్నా దారి మాత్రం వాటిని చుట్టుకుంటూ మెల్లగానే ఎక్కుతుంది. 61 ఏళ్ల నాకూ, మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడకూ సరిపోయే దారి అని అందుకే ధైర్యం చేశాం.

మొదటి రోజు హయేన్ నుంచి మార్తోస్ దాకా మీరు చెప్పింది చెప్పినట్టే జరిగింది. ఒక్క జిల్లాలో ఆరు కోట్లకు పైగా ఆలివ్ చెట్లంటే ఎలా ఉంటుందో లెక్క చెబితే అర్థం కాదు, చూడాల్సిందే. గుట్టల మీద, లోయల్లో, ఆకాశం అంచు దాకా దువ్వినట్టు వరసలు. కాయ కోత మొదలైంది. చెట్టు కింద వలలు పరిచి, కర్రలతోనూ, కొమ్మను పట్టి ఊపే మిషన్లతోనూ రాలుస్తున్నారు. నూనె మిల్లు పక్కగా వెళుతున్నప్పుడు ఆ వాసనకు మా ఆవిడ సైకిల్ ఆపేసి, "అచ్చం మన వేరుశనగ మిల్లే" అంది. ఆ ఏడు అక్కడ వానల్లేవు, కాపు తక్కువ, నూనె ధర విపరీతంగా పెరిగింది. కాఫీ కొట్టులో పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన చెట్టు వైపు చూపించి రెండు చేతులూ ఖాళీగా తిప్పాడు. అనంతపురం జిల్లా వాళ్లం, ఆ మాటకు మాకు అనువాదం అక్కర్లేదు.

మా ఫిర్యాదు అంతా 15వ తేదీ గురించి.

ఆ రాత్రి మా బస సుఎరోస్‌లో అని మీరు ఇచ్చిన కాగితంలో రాసి ఉంది. కొండరాతి మీద కోట, దాని కింద సున్నం కొట్టిన తెల్లటి ఇళ్లు, మీ ప్రకటన మొదటి పేజీలో ఉన్న ఊరే. ఆ ఊరి గది కోసమని విడిగా 9,500 రూపాయలు తీసుకున్నారు. బయలుదేరడానికి రెండు రోజుల ముందు 'హోటల్ అప్‌డేట్' అని ఒక వాట్సాప్ మెసేజ్ పంపారు. అందులో బయేనా అని ఉంది. ఆ ఊరు దారి మీద లేదని ఒక్క ముక్క లేదు. దారి మీద ఊళ్లన్నీ మాకు కొత్తే. బయేనా కూడా వాటిలో ఒకటే అనుకున్నాం.

పొద్దున మార్తోస్‌లో సైకిళ్లు తీస్తుంటే మా ఆవిడ ఎలక్ట్రిక్ సైకిల్ రాత్రి చార్జి కాలేదని తెలిసింది. చార్జర్ పెట్టెలో మరో మోడల్‌ది పెట్టారు. మీ అక్కడి ఏజెంటు "మధ్యాహ్నం పంపిస్తాం" అన్నాడు. ఆ మధ్యాహ్నం రాలేదు. గుఆదహోస్ నది దాకా మిగిలిన చార్జితో లాక్కొచ్చాం. ఆ నది మీద పాత రైలు వంతెన ఒకటి ఉంది. రెండు వందల మీటర్లకు పైగా పొడవు, అంతా ఇనుమే. ఇటు హయేన్ జిల్లా, అటు కొర్దోబా జిల్లా. ఇలాంటి గర్డర్ల కింద వేలాడుతూ రివెట్లు తట్టి చూసిన రోజులు గుర్తొచ్చి నేను అక్కడే అరగంట కూర్చుండిపోయాను. ఆ అరగంట ఆలస్యం నాదే, ఒప్పుకుంటాను. మీ మీద వేయను. కానీ వంతెన దాటాక దారి పైకి ఎక్కుతుంది. సరిగ్గా అక్కడే ఆవిడ బ్యాటరీ అయిపోయింది. బ్యాటరీ లేని ఎలక్ట్రిక్ సైకిల్ ఎంత బరువో తోసిన వాళ్లకే తెలుస్తుంది.

లూకె పాత స్టేషన్ చేరేసరికి సూర్యుడు దిగిపోతున్నాడు. ఆ నెలలో అక్కడ ఆరింటికల్లా పొద్దు గుంకుతుంది. మీరిచ్చిన జీపీఎస్ ఫైలు అక్కడ పచ్చదారి వదిలేసి కుడివైపు తిరగమంది. తిరిగాం. తిరిగితే ఎన్-432. బదహోస్ నుంచి కొర్దోబా మీదుగా గ్రనాదా వెళ్లే జాతీయ రహదారి. అటొక వరస, ఇటొక వరస, మధ్యలో ఏ అడ్డూ లేదు. లారీలు, కాయల ట్రాక్టర్లు, ఇంటికి వెళ్లే కార్లు. ఆ ఫైలు కారులో వెళ్లేవారి కోసం చేసిందని అప్పుడు అర్థమైంది.

సైకిళ్లకు ముందు లైటు లేదు, వెనక లైటు లేదు. మెరిసే జాకెట్లు లేవు. ఊరి బయటి రోడ్డు మీద చీకట్లో సైకిల్ తొక్కాలంటే ఇవి ఉండి తీరాలన్నది స్పెయిన్ చట్టం. ఆ దేశంలో సైకిళ్లు అద్దెకిచ్చే మీ ఏజెంటుకు ఇది తెలియదంటే నేను నమ్మను. "వాహనాలు లేని దారికి లైట్లెందుకు" అనుకుని ఉంటారు. బాగానే ఉంది, మరి ఆ దారి మీదే ఉంచాల్సింది.

రోడ్డు పక్క కంకర మీద దిగి, నా ఫోన్ టార్చి వెనక్కి పట్టుకుని, ఆవిడ ముందు, నేను వెనక, సైకిళ్లు తోసుకుంటూ దాదాపు గంటసేపు నడిచాం. లారీ దాటిన ప్రతిసారీ గాలికి సైకిల్ ఊగేది. ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదటిసారి, నాకు రోడ్డు కంటే అదే ఎక్కువ భయమేసింది. చివరికి ఎవరో రైతు పికప్ బండి ఆపి, సైకిళ్లు వెనక ఎక్కించుకుని హోటల్ గుమ్మం దగ్గర దించి వెళ్లాడు. డబ్బిస్తే తీసుకోలేదు.

నడుస్తుండగా మీ '24 గంటల సహాయం' నంబరుకు నాలుగుసార్లు చేశాను. అక్కడ సాయంత్రం ఆరుంపావు, మీకు రాత్రి పదింముప్పావు. ఎవరూ ఎత్తలేదు. తెల్లారి మీ నుంచి వచ్చిన జవాబు ఇది: "హోప్ యు ఆర్ ఎంజాయింగ్ సార్", పక్కన నవ్వు బొమ్మ.

మర్నాడు మళ్లీ ఆ రోడ్డెక్కే ప్రసక్తే లేదని ఆవిడ తేల్చేసింది. 38 యూరోలిచ్చి టాక్సీ మాట్లాడుకుని దోన్యా మెన్సియా వెళ్లాం. అక్కడి పాత స్టేషన్లో ఇప్పుడు సైక్లిస్టుల కోసం కేంద్రం నడుపుతున్నారు. ఒక కుర్రాడు మా చార్జర్ చూసి నవ్వి, సరైనది పెట్టి చార్జి చేసి ఇచ్చాడు. అది పచ్చదారి పక్కనే ఉన్న ఊరు. సుఎరోస్‌లో గది దొరక్కపోతే ఈ ఊళ్లో చూడొచ్చు. అదీ కుదరకపోతే లూకె దగ్గరికి ఒక వ్యాను పంపొచ్చు. ఈ రెండూ చేయకపోవడమే నా అసలు ఫిర్యాదు. గదులు దొరక్కపోవడం ఎవరికైనా జరుగుతుంది. ఆ సంగతి దాచి, మమ్మల్ని ఆ రోడ్డు మీదికి పంపడం మీరు చేసిన పని.

చార్జి అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. కాబ్రా స్టేషన్లో ఈ రైలు చరిత్ర చెప్పే చిన్న మ్యూజియం ఉంది. నేను వెళ్లేసరికి తలుపు వేసి ఉంది. సుఎరోస్‌కు వెనక్కి వెళ్లే వేళ ఎలాగూ లేదు.

17వ తేదీ లుసేనా మీదుగా పుయెంతె హెనిల్ ప్రయాణం బాగానే సాగింది. హోటల్ భోజనం గురించి కూడా కొంత ఉంది కానీ, శాకాహారం అంటే చేప పెట్టడం మీ తప్పు కాదని వదిలేస్తున్నాను.

నాకు రావాల్సినవి: సుఎరోస్ గదికి తీసుకున్న 9,500 రూపాయలు. ఎలక్ట్రిక్ సైకిల్ కోసం అదనంగా తీసుకున్న 18,000 రూపాయలు. టాక్సీ 38 యూరోలు. 15వ తేదీ సాయంత్రానికి మీరు కట్టే పరిహారం 40,000 రూపాయలు. ఈ చివరి అంకె ఎలా వచ్చిందని అడిగితే, ఆ గంటసేపు నడక మీరొకసారి నడిచి చూసి మీ అంకె చెప్పండి, మాట్లాడుకుందాం.

ఇవి కాక రాతపూర్వకంగా రెండు హామీలు కావాలి. ఆ జీపీఎస్ ఫైలు ఇంకెవరికీ ఇవ్వబోమని, లైట్లు, జాకెట్లు లేకుండా ఎవరికీ సైకిల్ అప్పగించబోమని. మీ జనవరి యాత్రకు మా కాలనీలోనే ఇద్దరు డబ్బు కట్టి ఉన్నారు.

ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. వినియోగదారు ఉండే చోటే వేసే వీలు ఆ చట్టంలో ఉంది కాబట్టి, మీరు అనంతపురం రావాల్సి ఉంటుంది.

జతపరిచినవి: రసీదు, మొదట ఇచ్చిన యాత్ర కాగితం, హోటల్ మార్పు మెసేజ్, నాలుగు ఫోన్ కాల్స్ రికార్డు, టాక్సీ రసీదు, తప్పు చార్జర్ ఫోటో.

ఇట్లు,
మీ నవంబర్ యాత్రికులు,
గుంతకల్లు దంపతులు