మా బామ్ వాడేవాళ్లకు: డబ్బా అడుగున 11, 12 నంబర్లుంటే వెనక్కి ఇచ్చేయండి

ముందు పని మాట. మీ దగ్గరున్న ప్రోపోలిస్ బామ్ డబ్బా అడుగున 11 గానీ 12 గానీ రాసి ఉంటే ఇక వాడకండి. కొట్టుకు తెచ్చిస్తే డబ్బులిచ్చేస్తాను. సగం వాడేసినా, బిల్లు పోయినా ఫరవాలేదు. ఊళ్లో లేనివాళ్లు డబ్బా అడుగు ఫోటో వాట్సాప్‌లో పెడితే ఫోన్‌పే చేస్తాను. తేనె, సబ్బులు ఎప్పటిలాగే ఉన్నాయి, వాటితో పేచీ లేదు.

ఇక జరిగింది చెబుతాను. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. మనం వాడేది పాత మట్టిగోడల కంతల్లో, చెట్టు తొర్రల్లో, ఒక్కోసారి కరెంటు మీటరు పెట్టెలో కూడా కాపురం పెట్టే చిన్న నల్ల ఈగల బంక. ప్రోపోలిస్ అంటే అదే. కుట్టని తేనెటీగలంటారే, ఆ ఈగలు. వాటికి కొండి పేరుకే ఉంటుంది, కాబట్టి ఇంటి కాపలా అంతా ఈ బంకతోనే. చెట్టు గాయం దగ్గర ఊరిన జిగురును వెనక కాళ్లకు ఉండ కట్టుకుని తెస్తాయి. ఒంట్లోంచి వచ్చే మైనంతో కలిపి పిసుకుతాయి. గుమ్మానికి గొట్టం కట్టడం, పగుళ్లు పూడ్చడం, తేనె దాచుకునే బుల్లి కుండలు చేయడం, అన్నీ దాంతోనే. ఆస్ట్రేలియాలో వీటి బంధువులు గూట్లోకి దూరిన పెంకుపురుగును బతికుండగానే బంక, మట్టి మెత్తి మమ్మీని చేస్తాయని 2010లో శాస్త్రజ్ఞులు రాశారు. అంత గట్టి సరుకు.

మా మామిడితోటలో పద్నాలుగు పెట్టెలున్నాయి. వాటి బంక బామ్‌కు చాలదు. ఎక్కువ గీకితే గూడు దెబ్బతింటుంది. అందుకని ఆరేళ్లుగా మిగతాది ఒక వ్యాపారి దగ్గర కొంటున్నాను. ఉత్తరాంధ్ర కొండసంతల్లో సేకరించి పంపేవాడు. పేరు రాయను. మా అబ్బాయి పెళ్లికి వచ్చి రెండు రోజులుండి వడ్డన కూడా చేసిన మనిషి. నన్ను అక్కా అనేవాడు.

మార్చిలో అతని దగ్గర్నుంచి మూడు కిలోల మూట వచ్చింది. ఒక ముద్ద తీసి విరిచాను. మంచి బంక చేతివేడికే మెత్తబడుతుంది, బొటనవేలితో నొక్కితే సొట్ట పడుతుంది, లోపల రెక్కముక్కలు కనిపిస్తాయి. ఇది టక్కున విరిగింది. విరిగిన చోట పటికబెల్లం పలుకుల్లాంటి మెరుపులు. ఒక పలుకు గోటితో పెకిలించి నిప్పు మీద వేశాను. తెల్లగా పొగ లేచింది. కళ్లు మూసుకుంటే శుక్రవారం సాయంత్రం మా దేవుడి గదిలో ఉన్నట్టే ఉంది. గుగ్గిలం.

ప్రతి సరుకులోంచి ఒక ముక్క సీసాలో దాచడం నాకలవాటు. జనవరి సీసా తీసి చూస్తే అదీ అంతే. ఆ సరుకుతోనే 11వ బ్యాచ్ చేసి మీకు అమ్మాను. జనవరిలో విరిచి చూడలేదు. ఆరేళ్ల నమ్మకం మరి.

ఫోన్ చేస్తే అతను తడుముకోలేదు. "అక్కా, మా కొండల్లో ఉన్నవి గుగ్గిలం చెట్లే కదా. ఈగలు ఆ జిగురు తెస్తే నేనేం చేసేది?"

ఈ మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే అబద్ధమని కొట్టేయడానికి లేదు. అటు కొండల్లో సాల చెట్లున్నాయి, గుగ్గిలం వాటి జిగురే. ఇంగ్లిష్‌వాళ్లు ఈ ఈగలకు పెట్టిన 'డామర్ బీ' అన్న పేరులోని డామర్ కూడా అలాంటి జిగురే. పైగా ప్రోపోలిస్ అనేది ఒక పదార్థం కాదు. ఈగ ఏ చెట్టు మీద వాలితే ఆ చెట్టు రసాయనమే గూట్లోకి వస్తుంది. థాయిలాండ్‌లో మాంగోస్టీన్ తోటల దగ్గరి గూళ్ల బంకలో ఆ పండు తొక్కలో ఉండే ఆల్ఫా మాంగోస్టిన్ అనే రసాయనం దొరికింది. ఆస్ట్రేలియా ఈగలు కడాగి అనే చెట్టు కాయల జిగురు కోసం ఎగబడతాయి, అక్కడి బంకలో ఆ చెట్టు ఫ్లేవనాయిడ్లనే రసాయనాలే. అలాంటప్పుడు కొండ ఈగ గుగ్గిలం తెచ్చిందంటే కాదనడానికి నేనెవరిని?

మా మేనకోడలు ఫార్మసీ చదువుతోంది. కాలేజీలో పల్చటి ప్లేటు మీద మూడు చుక్కలు పెట్టి చూసింది: మా పెట్టె బంక, జనవరి సరుకు, పూజాసామాను కొట్లో కొన్న గుగ్గిలం. చుక్కలోని రసాయనాలు ప్లేటు మీద పైకి పాకి వేరువేరు మచ్చలుగా విడిపోతాయి. జనవరి సరుకు మచ్చలూ గుగ్గిలం మచ్చలూ పక్కపక్కన ఒకే ఎత్తులో నిలబడ్డాయి. అయినా దాంతో తేలలేదు. ఈగ తెచ్చినా మనిషి కలిపినా ప్లేటు మీద మచ్చ ఒకటే.

చివరికి తేల్చింది ఆ పలుకులే. ఈగ తెచ్చిన జిగురు మైనంలో కలిసిపోయి ఉంటుంది. గూట్లో అక్కడక్కడా ఒట్టి జిగురు కుప్పలుంటాయి, కాదనను. కానీ అవి చీమల కాళ్లకు అంటుకోవాలని పోగేసినవి, తాకితే వేలు వదలవు. దంచి జల్లించినట్టు పొడిపొడిగా, గాజుముక్కల్లా ఉండే జిగురును ఏ ఈగా కాళ్లకు కట్టుకోలేదు. అంత చేసీ రోట్లో ఇంకో పది పోట్లు వేసుంటే నాకు తెలిసేది కాదు. ఆ మాత్రం శ్రద్ధ కూడా నా మీద పెట్టలేదే అన్నదే ఎక్కువ కష్టంగా ఉంది.

11వ బ్యాచ్ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. గుగ్గిలం మన లేపనాల్లో పాతకాలం నుంచీ ఉన్నదే. డబ్బా మీద రాసింది లోపల లేదు, నేను వెనక్కి తీసుకుంటున్నది అందుకు.

12 సంగతి వేరు. రోషం కొద్దీ ఆ బ్యాచ్ మొత్తం మా తోట బంకతోనే చేశాను. లేబుల్ మీద 'మా పెట్టెల బంక మాత్రమే' అని పెద్దక్షరాలతో కొట్టించాను. నెల తిరక్కుండానే నాలుగేళ్లుగా కొంటున్న ఒక టీచరుగారు ఫోటో పంపారు. పెదవులు వాచి, చుట్టూ చిన్న చిన్న బొబ్బలు. నేనేం చేశానో తెలుసా? ఆ వ్యాపారికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. పెట్టేశాక టీచరుగారిని డబ్బా తిప్పి చూడమన్నాను. 12.

డాక్టరు ఎలర్జీ అన్నారట, మందులు వాడితే తగ్గింది. మాటల్లో ఆవిడే అన్నారు, చిన్నప్పుడు మామిడి సొన తగిలితే మూతి వాచేదని. నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. మా పెట్టెల చుట్టూ ఉన్నవన్నీ మామిడిచెట్లే. మామిడి, జీడిమామిడి, చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి, మూడూ ఒకే కుటుంబం. వాటి సొనలో ఒంటిని కాల్చే రసాయనాలున్నాయి. ఇండోనేషియా ఈగల బంకలో కార్డాల్ అనేది దొరికింది. జీడిగింజ పెంకులో ఉండే నూనెలోనిదే అది. ప్రయోగశాలలో పేగు క్యాన్సర్ కణాలను అది చంపిందని 2015లో థాయ్ పరిశోధకులు రాస్తే, చదివి మురిసిపోయినదాన్ని నేనే. గాజుపళ్లెంలో కణాన్ని చంపగలిగేది పెదవిని వదిలేస్తుందని ఎలా అనుకున్నానో.

అందుకే మన బంక గొప్పలు చెప్పే కరపత్రం కూడా తీసేశాను. అందులో గొప్పగా వేయించిన 'ఆర్టెపిల్లిన్ సి' అనే రసాయనం బ్రెజిల్ పచ్చ ప్రోపోలిస్‌ది. దాన్ని చేసేది మామూలు తేనెటీగ, జిగురు అక్కడి బక్కారిస్ అనే పొదది. మన ఈగా కాదు, మన చెట్టూ కాదు. సూక్ష్మజీవుల పరీక్షల్లో ఈ బంకలు చీముపుట్టించే స్టెఫైలోకాకస్ మీద బాగానే పనిచేస్తాయి, ఈ.కొలై లాంటి వాటి మీద అంతంతమాత్రం. మనుషుల మీద జరిగిన పరీక్షలు చాలా తక్కువ. బంకను స్పిరిట్‌లో కరిగించి అమ్మిన మన టింక్చర్‌లో సూక్ష్మజీవుల్ని చంపేది చాలావరకు అందులోని స్పిరిటే కావచ్చు. దాన్ని ఇక చేయను. ఒక పెద్దాయన షుగర్ మాత్రలు మానేసి రోజూ పది చుక్కలు వేసుకుంటున్నానని సంతోషంగా చెప్పారు. ఆ రోజే మానేయాల్సింది. షుగర్ తగ్గిస్తుందని, క్యాన్సర్ తగ్గిస్తుందని ప్రకటించడం మందుల ప్రకటనల మీద వచ్చిన 1954 చట్టం కింద నేరం. నేను కాగితం మీద వేయలేదు గానీ కౌంటర్ దగ్గర అడిగినవాళ్లకు తల ఊపాను. బాబాయిగారూ, మీరిది చదువుతుంటే రేపే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అలాగని బంక పనికిరానిదని నాతో అనిపించలేరు. మా అత్తగారి మడమల పగుళ్లు దీనితోనే పూడాయి. ఆ మైనమూ నూనే చాలేమో అంటుంది మేనకోడలు. అననీ.

ఇకపై బంక బయట కొనను, ఎవరొచ్చి అక్కా అన్నా సరే. 13వ బ్యాచ్ మా పెట్టెల్లోంచే, సంక్రాంతి తర్వాత, అరవై డబ్బాలకు మించదు. పెదవుల బామ్‌లో బంక ఉండదు, ఒట్టి మైనం, కొబ్బరినూనె. పాదాల బామ్ డబ్బా మీద 'మామిడి సొన పడనివాళ్లు వాడకండి' అని ముందువైపే ఉంటుంది. మిగతావాళ్లు కూడా మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూశాకే వాడండి.

ఆ మూడు కిలోలు ఇంకా కొట్టు మూలనే ఉన్నాయి. అతను డబ్బు ఇవ్వలేదు, మూట తీసుకుపోనూ లేదు. ప్రతి శుక్రవారం చిటికెడు నిప్పుల మీద వేస్తున్నాను. వాసన బాగానే ఉంటోంది.