శనివారం లంబసింగి సంగతి

బుజ్జీ,

నీ ఫోన్ వచ్చి పన్నెండు రోజులైంది. దాని గురించి రాయడం లేదులే. చుక్కల గురించి నాలుగు ముక్కలు చెబుదామని కూర్చున్నాను. శనివారం లంబసింగి వెళ్తున్నారని, అదీ బైకుల మీదని పద్మ పిన్ని చెప్పింది. స్టేటస్ పెట్టావట. నా ఫోన్లో మాత్రం కనపడలేదు. మీ నాన్నగారు ఏమీ అనలేదు, రెండుసార్లు క్యాలెండర్ చూశారంతే.

రోజు బాగానే చూసుకున్నారు. మార్గశిర విదియ, నెలవంక ఏడు దాటేసరికి దిగిపోతుంది. అక్కణ్ణుంచి పదకొండు దాకా చూసేయండి. తెల్లవారుజామున లేస్తే అక్కడ పొగమంచు తప్ప చుక్క కనపడకపోవచ్చు. చల్లగాలి బరువు, పల్లంలోకి జారుతుంది, మంచూ ముందు అక్కడే పడుతుంది. అందుకని కాస్త మెరకన బరకం పరవండి, చలిమంటకి దూరంగా. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి అరగంట కావాలి. ఎవడో ఒకడు ఫోన్ వెలిగించాడా, మళ్ళీ మొదటికే. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండు బిగించు. ఘాట్ రోడ్డు మీద ఆ టార్చి ఎందుకూ పనికిరాదు. అవునూ, నర్సీపట్నం దాటేది ఎన్నింటికి? వెలుతురుండగానేనా?

ముందు పిల్లలకోడి, అదే కృత్తికల చుక్కల గుంపు, లెక్కపెట్టు. ఆరు చుక్కలు విడివిడిగా తేలితే ఆకాశం శుభ్రంగా ఉన్నట్టే. మన డాబా మీంచి పోర్టు లైట్లలో మూడు కనపడితే గొప్ప. ధ్రువుడి కోసం మెడ విరుచుకోకు. అక్కడి అక్షాంశం 18 డిగ్రీల లోపే, ఆయనా అంత ఎత్తులోనే ఉంటాడు. చాచిన చేతి పిడికిలి పది డిగ్రీలు కదా, రెండు పిడికిళ్ళు కూడా ఉండదు. ఉత్తరాన కొండ అడ్డొస్తే ఇక కనపడడు. ఏడున్నరకి నడినెత్తిన కాస్త ఉత్తరంగా ఆండ్రోమెడా గెలాక్సీ, పాతిక లక్షల కాంతి సంవత్సరాల అవతల, పొగమరకలా. తిన్నగా చూస్తే మాయమవుతుంది, ఓర చూపు చూడాలి. మసక వెలుగును పట్టే కణాలు కంటి నట్టనడుమ ఉండవు.

బైనాక్యులర్ బీరువాలో ఉంది, 10×50, అంటే పది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు. సూరిబాబు మావయ్య దాన్ని అరకు పట్టుకెళ్ళిన కథ నీకు తెలిసిందే. అద్దానికి మంచు పట్టగానే కండువాతో తుడిచాడు. మళ్ళీ పట్టింది, మళ్ళీ తుడిచాడు. కండువా దుమ్ముకి అద్దం పూత మీద గీతలు. ఆ చల్లటిదాన్ని తిన్నగా వెచ్చటి గదిలోకి తెచ్చాడు, ఒళ్ళంతా చెమర్చింది. ఆ తడితోనే కేసులో పెట్టేశాడు. మన విశాఖ ఉక్కలో ఆర్నెల్లకి తీస్తే లోపలంతా బూజు తీగలు! నువ్వైతే బయటే కేసులో మూసి, గదిలోకి తెచ్చి, గంటాగి తియ్యి. ఆరాకే మళ్ళీ మూత. ఇంతకీ అసలు సంగతి ఎవరూ చెప్పరు. ఆ రాత్రే జీపులో ఘాట్ దిగబోయాడు మావయ్య. పొగమంచులో లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడే. మలుపులో చక్రం కాలవలో దిగింది. మీ అత్త తెల్లారేదాకా తిడుతూనే ఉందట.

బైకుల మీద రాత్రి దిగొద్దు. ఎండ వచ్చి మంచు విడిచాకే బయల్దేరండి. ఇంతకంటే చెప్పను.

హైదరాబాదు నుంచి రైలు దిగేది ఇక్కడే కదా? శుక్రవారం ఇంటికి రా, ఆ నలుగుర్నీ తీసుకునే రా. కేసులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు మార్చాను. నీ మంకీ క్యాప్ ఉతికి ఆరేశాను, రెండు జతల మేజోళ్ళు కూడా. ఎంతమందికి పులిహోర కలపాలో, అదొక్కటైనా ఫోన్ చేసి చెప్పు.

అమ్మ